చీకటి ఎవరి వాటా?

రాత్రి పదకొండు దాటాక అమీర్‌పేట కూడలిలో నిలబడితే హైదరాబాద్‌కు చీకటి సమస్య ఉందని ఎవరికీ తోచదు. మెట్రో స్టేషను దీపాలు, మైత్రీవనం చుట్టూ శిక్షణ సంస్థల బోర్డులు, వస్త్ర దుకాణాల అద్దాలు కలిసి రోడ్డును పగలు చేస్తాయి. పంజాగుట్ట కూడలి దాకా అదే వెలుగు. ఆ రోడ్డును వదిలి వెనుక సందుల్లోకి వంద అడుగులు వేస్తే, మనం చూసిన వెలుగులో ఎక్కువ భాగం దుకాణాలదని, వీధిది కాదని అర్థమవుతుంది. షట్టర్లు దిగగానే సందు చీకటవుతుంది. స్తంభం ఉంటుంది, దానికి దీపమూ ఉంటుంది. అది వెలగాలన్న పట్టింపు మాత్రం అన్ని సందుల్లో ఒకేలా ఉండదు.

కేంద్రప్రభుత్వం 2015 జనవరి 5న ప్రారంభించిన జాతీయ వీధిదీపాల కార్యక్రమం కింద జీహెచ్‌ఎంసీ పాత దీపాలను తొలగించి నాలుగు లక్షలకు పైగా ఎల్‌ఈడీ దీపాలను అమర్చింది. అమర్చే పని, నిర్వహణ రెండూ కేంద్ర విద్యుత్ శాఖ పరిధిలోని ఈఈఎస్‌ఎల్ సంస్థకు అప్పగించారు. నియంత్రణ పెట్టెలు బిగించి, ఎక్కడ దీపాలు ఆరిపోయాయో కార్యాలయంలో కూర్చునే తెలుసుకోవచ్చని చెప్పారు. ఆ ఏడేళ్ల ఒప్పందం 2025లో ముగిసింది. నిర్వహణ భారం తిరిగి నగరపాలక సంస్థ మీద పడింది. వెలగని దీపాల మీద ఫిర్యాదులు పత్రికల జిల్లా పేజీలకు నిత్యవార్తలయ్యాయి. అర్ధరాత్రి తరువాత దీపాలు ఆర్పివేయాలని ఇక్కడ ఎవరూ తీర్మానం చేయలేదు. ఇంగ్లండులో అనేక స్థానిక సంస్థలు ఖర్చు తగ్గించుకోవడానికి ఆ పని బహిరంగంగా చేశాయి. మన దగ్గర అదే పని నిర్లక్ష్యం చేసిపెడుతోంది.

దీపాలు ఆరితే నేరాలు పెరుగుతాయా? పరిశోధనలు ఈ ప్రశ్నకు ఒకే జవాబు ఇవ్వలేదు. ఇంగ్లండు, వేల్స్‌లలోని 62 స్థానిక సంస్థల సమాచారాన్ని పరిశీలించి 2015లో వెలువడిన అధ్యయనం, దీపాలు ఆర్పడం వల్లగానీ, వెలుగు తగ్గించడం వల్లగానీ నేరాలు పెరిగాయనడానికి ఆధారం కనబడలేదని తేల్చింది. అర్ధరాత్రి దీపాలు ఆర్పిన వీధుల్లో వాహనాల నుంచి దొంగతనాలు తగ్గాయని థేమ్స్ వ్యాలీలో జరిగిన మరో పరిశీలన చెప్పింది. కానీ ఆ దొంగతనాలు పక్కవీధులకు తరలిపోయి ఉండవచ్చని కూడా హెచ్చరించింది. షికాగోలో దీపాలు చెడిపోయిన వీధులను పరిశీలించినవారికీ అలాంటి దృశ్యమే కనిపించింది. ఆ వీధిలో నేరాలు పెద్దగా మారలేదు, చుట్టుపక్కల వీధుల్లో పెరిగాయి.

న్యూయార్క్ అనుభవం ఇందుకు భిన్నం. 2016లో అక్కడి ప్రభుత్వ గృహసముదాయాల్లో కొన్నింటిని లాటరీ పద్ధతిలో ఎంపిక చేసి ఆవరణల్లో పెద్ద దీపస్తంభాలు నిలిపారు. దీపాలు వచ్చిన చోట రాత్రిపూట ఆరుబయట జరిగే తీవ్ర నేరాలు దాదాపు 36 శాతం తగ్గాయి. ఆ ఇళ్లలో ఉండేవారిలో అత్యధికులు నల్లజాతి, లాటినో పేదలు.

ఈ ఫలితాలు పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి. దీపాన్ని వదిలిపెట్టి దాని కింద నడిచే మనిషిని చూస్తే వైరుధ్యం చాలావరకు తొలగిపోతుంది. ఇంగ్లండులో దీపాలు ఆర్పిన నివాస వీధుల్లో అర్ధరాత్రి దాటాక నడిచేవారు తక్కువ. ఇళ్లకు తలుపులు, కార్లకు తాళాలు ఉన్నాయి. న్యూయార్క్ గృహసముదాయాల్లో ఆరుబయలే జీవితంలో భాగం. నిర్మానుష్యమైన వీధిలో దీపం ఆర్పితే జరిగే నష్టం వేరు, మనుషులు తిరిగే వీధిలో ఆర్పితే జరిగే నష్టం వేరు. కనుక మన నగరం అడగవలసిన మొదటి ప్రశ్న: రాత్రి పదకొండు నుంచి తెల్లవారుజాము ఆరు వరకు అమీర్‌పేట, పంజాగుట్ట వీధుల్లో ఎవరుంటారు?

హాస్టల్ గేటు మూసేలోపు చేరుకోవాలని పరుగెత్తే విద్యార్థినులుంటారు. జిల్లాల నుంచి వచ్చి, నిమ్స్ ఆసుపత్రిలో రోగిని ఉంచి బయట మందులకూ భోజనానికీ తిరిగే సహాయకులుంటారు. టిఫిన్ బండి కడిగి ఇంటికి నెట్టుకుపోయే దంపతులు, సరుకులు చేరవేసే యువకులు, చిత్తుకాగితాలు ఏరుకునే పిల్లలు ఉంటారు. అందరికంటే ముందుగా, నగరం నిద్రలేవకముందే చీపురు పట్టే పారిశుద్ధ్య కార్మికులుంటారు. వారిలో అత్యధికులు మాదిగ, మాల స్త్రీలని ఈ నగరంలో ఎవరికీ చెప్పనక్కరలేదు. మురుగుకాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసేవారి విషయంలో లెక్కే ఉంది. కేంద్రప్రభుత్వం నమస్తే పథకం కింద 2024 నాటికి నమోదు చేసిన సుమారు 38 వేల మందిలో దాదాపు 69 శాతం షెడ్యూల్డ్ కులాలవారు. బీసీలు, ఆదివాసులను కలిపితే అది 92 శాతం. పగటి నగరాన్ని అన్ని కులాలూ పంచుకోవచ్చు. రాత్రి నగరం చాకిరీని మాత్రం కులం పంచిపెట్టింది.

చీకట్లో రోడ్డు ఊడ్చే స్త్రీని వాహనం ఢీకొడితే అది ప్రమాదంగా నమోదవుతుంది. తాగినవాడు దారి కాచి కూసిన కూతలు అసలే నమోదు కావు. హాస్టల్ విద్యార్థిని భయపడి సాయంత్రం బ్యాచ్ మానుకుంటే ఏ పోలీసు రికార్డూ దానిని గుర్తించదు. నేరాల పట్టికలు మాత్రమే చూసి 'దీపాలు ఆరినా నేరాలు పెరగలేదు' అని చెప్పడం సులభం. ఫిర్యాదు ఇవ్వగలిగినవారి నష్టమే ఆ పట్టికల్లోకి ఎక్కుతుంది. పోలీసు స్టేషను గడప తొక్కడానికి జంకే కులాల భద్రతను ఆ అంకెలతో కొలవలేము.

రాత్రికీ కులానికీ ఉన్న సంబంధం కొత్తది కాదు. పీష్వాల కాలపు పుణేలో సాయంత్రం మూడు గంటల తరువాత, ఉదయం తొమ్మిదికి ముందు మహర్లు, మాంగులు నగరద్వారం లోపల ఉండరాదని కట్టడి ఉండేదని సామాజిక శాస్త్రవేత్త జి.ఎస్. ఘుర్యే రాశారు. వాలుటెండలో వారి నీడ పొడవుగా పడి పైకులాలను మైలపరుస్తుందన్నది అందుకు చెప్పిన కారణం. తమిళనాట తిరునల్వేలి ప్రాంతంలో దళితుల బట్టలు ఉతికే పుదిరై వణ్ణార్లను చూడటమే దోషమని, వారిని రాత్రిపూట మాత్రమే తిరగనిచ్చారు. ఒకరికి వెలుగు నిషేధం, మరొకరికి చీకటే నివాసం. వలస ప్రభుత్వం దీనికి చట్టాన్ని జోడించింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించాక ఎరుకలవంటి సంచార కులాలు పుట్టుకతోనే అనుమానితులయ్యాయి. బాపట్ల దగ్గరి స్టువార్టుపురం ఆ చరిత్రకు మన కళ్లెదుటి సాక్ష్యం. 1952లో ఆ చట్టం రద్దయింది. చీకట్లో కనిపించిన పేదవాడు ఏదో చేయడానికే వచ్చాడన్న అనుమానం మాత్రం రద్దు కాలేదు.

ఆ అనుమానమే నేడు భద్రత పేరుతో పనిచేస్తోంది. 2015లో పాతబస్తీలో 'మిషన్ చబుత్రా' పేరుతో రాత్రిపూట అరుగుల మీద కూర్చున్న యువకులను పోలీసులు పట్టుకుపోయి కౌన్సెలింగ్ ఇచ్చారు. కార్డన్ సెర్చ్ పేరిట బస్తీలను చుట్టుముట్టి సోదా చేయడం తెలంగాణలో ఏళ్లతరబడి మామూలు వ్యవహారమైంది. ఇలాంటి సోదాలు గేటెడ్ కాలనీలకు వెళ్లిన వార్త మనం చదవలేదు. 2013 నాటి ప్రజా భద్రతా చట్టం అండతో దుకాణాలకు, అపార్ట్‌మెంట్లకు, కాలనీలకు లక్షల కెమెరాలు బిగించారు. వాటిని చూడటానికి పంజాగుట్టకు కూతవేటు దూరంలో, బంజారాహిల్స్‌లో, 2022 ఆగస్టు 4న ఆకాశహర్మ్యంలాంటి కమాండ్ కంట్రోల్ కేంద్రాన్ని ప్రారంభించారు. ముఖాలను గుర్తించే సాంకేతికత వాడకాన్ని ప్రశ్నిస్తూ అదే ఏడాది జనవరిలో రాష్ట్ర హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైంది. రాజ్యం పౌరుడిని చూడటానికి ఇంత శ్రద్ధ పెట్టినప్పుడు, పౌరురాలు తన కాలికింది గుంతను చూసుకోవడానికి కావలసిన దీపంపై ఆ శ్రద్ధలో పదోవంతయినా ఎందుకు లేదు?

దీపం వెలిగితే చాలు, అంతా బాగుంటుందని కూడా అనలేము. 2019 ఏప్రిల్‌లో పంజాగుట్ట కూడలిలో దళిత కార్యకర్తలు నిలిపిన అంబేడ్కర్ విగ్రహాన్ని, జయంతికి సరిగ్గా ముందురోజు 13వ తేదీ తెల్లవారకముందే, అనుమతి లేదంటూ తొలగించారు. ఆ విగ్రహం చివరికి జవహర్‌నగర్ చెత్త డంపింగ్ యార్డులో తేలింది. ఆ కూడలిలో దీపాలకు కొదవ లేదు, పోలీసులకూ కొదవ లేదు. వెలుగులోనే ఆ అవమానం జరిగింది.

అదే ఏడాది నవంబరులో మూడు రోజుల తేడాతో రెండు ఘోరాలు జరిగాయి. 24న ఆసిఫాబాద్ జిల్లాలో ఊరూరా తిరిగి చిన్న వస్తువులు అమ్ముకునే దళిత సంచార కులానికి చెందిన స్త్రీపై అత్యాచారం చేసి చంపారు. పోలీసులు ఆమెకు 'సమత' అని పేరుపెట్టారు. 27వ తేదీ రాత్రి శంషాబాద్ దగ్గర ఔటర్ రింగ్‌రోడ్డు పక్కన 'దిశ' హత్య జరిగింది. రెండో ఘటనకు దేశం కదిలింది, చట్టసభలు కదిలాయి. నిందితులు నలుగురూ డిసెంబరు 6న పోలీసు కాల్పుల్లో చనిపోయారు. రింగురోడ్డు మీద చీకటి గురించి విస్తృతంగా చర్చ జరిగి, అనంతరకాలంలో ఆ దారిలో ఎల్‌ఈడీ దీపాలు వెలిగాయి. ఆ దీపాలు అవసరమే. సమత మీద దాడి మాత్రం చీకటి కోసం ఆగలేదు. అది పట్టపగలే జరిగింది. ముగ్గురు నేరస్థులకు 2020 జనవరి 30న ప్రత్యేక న్యాయస్థానం మరణశిక్ష విధించినా, ఆమె పేరుతో ఏ విధానమూ పుట్టలేదు. చీకట్లో పొంచి ఉండే అపరిచితుడే మన భద్రతా ఊహకు కేంద్రం. దేశంలో నమోదయ్యే అత్యాచారాల్లో తొంభై శాతానికి పైగా బాధితురాలికి తెలిసినవారు చేసినవేనని జాతీయ నేర గణాంకాలు ఏటా చెబుతున్నా ఆ ఊహ మారదు.

కాబట్టి వీధిదీపాన్ని నేరాల అంకెతో ముడిపెట్టి సమర్థించడం మొదటి పొరపాటు. అలా సమర్థిస్తే, నేరాలు పెరగలేదని ఏదో ఒక నివేదిక రాగానే దీపం ఆర్పే హక్కు అధికారికి వస్తుంది. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ తెచ్చిన పన్నెండవ షెడ్యూలు వీధిదీపాలను ప్రజా సదుపాయాల్లో ఒకటిగా, పురపాలక సంస్థల విధుల జాబితాలో పేర్కొంది. మంచినీళ్ల కొళాయి దొంగతనాలు తగ్గిస్తుందా అని మనం అడగం. దీపాన్నీ అలాగే చూడాలి. అది రాత్రిపూట నడిచే ప్రతి మనిషికి నగరం చెల్లించవలసిన బాకీ.

విద్యుత్ పొదుపు, కాంతి కాలుష్యం నిజమైన సమస్యలే. పొదుపు ఎక్కడ మొదలవ్వాలన్నదే వివాదం. అమీర్‌పేట రోడ్డు మీద అర్ధరాత్రి దాటినా వెలిగే ప్రకటనల బోర్డులు, మూసిన దుకాణాల అలంకరణ దీపాలు మొదట ఆరాలి. వీధిదీపాల్లో వెలుగు తగ్గించే సౌకర్యం ఎల్‌ఈడీలకు ఉంది; దానిని కూడా వెడల్పాటి రోడ్ల మీద ముందు వాడి చూడాలి. బస్తీ సందులో ఉన్న ఒకే ఒక్క దీపం పొదుపు పద్దులోకి రాకూడదు.

ఇంటింటికీ తిరిగి కులగణన చేసిన రాష్ట్రానికి దీపాల గణన అసాధ్యం కాదు. ఏ డివిజన్లో ఏ సందులో ఎన్ని దీపాలు ఎన్ని రాత్రులు వెలగలేదో నగరపాలక సంస్థ నెలనెలా బహిరంగంగా ప్రకటించాలి. ఆ పట్టికను బస్తీల సామాజిక చిత్రంతో పక్కపక్కన పెట్టి చదవాలి. తమ వీధుల్లో ఆ లెక్క తీయడానికి విశ్వవిద్యాలయ విద్యార్థులు ప్రభుత్వం కోసం ఎదురుచూడనక్కరలేదు. పారిశుద్ధ్య కార్మికుల షిఫ్టు మొదలయ్యే వేళకు వారు ఊడ్చే దారిలో దీపం వెలగకపోతే ఆ దారి ఊడ్వనవసరం లేదన్న నిబంధన రావాలి. అప్పుడు ఆరిన దీపం కార్పొరేటరుకూ కనిపిస్తుంది, కాలనీ సంఘానికీ కనిపిస్తుంది. తన గుమ్మం ముందు చెత్త పేరుకున్న రోజున, ఇంతకాలం ఆ చీకట్లో ఎవరు చీపురు పట్టారో పెద్దమనిషికి గుర్తొస్తుంది.