డివైడర్ల మీద గడ్డికి నీళ్లున్నాయి, మన గెట్ల మీద గడ్డికి నిధుల్లేవా?

పట్నాల్లో రోడ్ల నడుమ డివైడర్ల మీద, పార్కుల్లో ఏళ్ల తరబడి బతికే అలంకరణ గడ్డి నాటుతున్నారు. ఎండాకాలం ట్యాంకర్లతో తడుపుతున్నారు. పట్నం పచ్చగా ఉంటే మాకు కడుపుమంట లేదు. కానీ చేనులో మట్టిని పట్టి ఆపే గడ్డి ఒకటుంది. దాని ఊసు ఎత్తే అధికారి మాత్రం మా ఊళ్లకు రావడం లేదు. అదే వట్టివేరు.

వట్టివేరు మనకు కొత్త కాదు. ఎండాకాలం తడికెలు కట్టి నీళ్లు చల్లుకున్నాం, కుండలో వేసుకుని తాగినం. దాని వేరు సంగతి అందరికీ తెలుసు, అది గెట్టు మీద చేసే పని సంగతి కొందరికే తెలుసు.

పాన్‌గల్ ఖిల్లా గుట్ట చుట్టుపక్కల ఎర్ర చెల్కలు ఎక్కువ, వాలు ఎక్కువ. పెద్ద వాన ఒక్కటి కొడితే వాగు ఎర్రగా పారుతుంది. ఆ ఎరుపు మన ఎరువు, మన మట్టి. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చెరువుల పూడిక తీసి చేలకు తోలుకున్నాం. చేను మట్టి మళ్లీ చెరువుకే పోతుంటే ఎన్నిసార్లని తోలుతాం?

వట్టివేరు వేళ్లు పక్కలకు పాకవు, నిలువుగా దిగుతాయి. లోతు నేలలో పది అడుగుల దాకా పోతాయి. అందుకే పక్కనున్న పంటకు పెద్దగా పోటీ రాదు. వాలుకు అడ్డంగా దగ్గర దగ్గరగా నాటితే దుబ్బులు కలిసి గోడ లెక్క నిలబడతాయి. నీళ్లు మెల్లగా జారిపోతాయి, మట్టి అక్కడే ఆగుతుంది. మన దక్షిణాది రకానికి మొలిచే గింజ పడదు కాబట్టి వయ్యారిభామ మాదిరి చేనంతా అంటుకుంటుందన్న భయం లేదు.

ఇది పుస్తకాల మాట మాత్రమే కాదు. 1980లలో ప్రపంచ బ్యాంకు వాటర్‌షెడ్ పథకాల్లో దీన్ని ప్రచారం చేశారు. అంతకు ఎంతో ముందు నుంచే కర్ణాటకలో గుండ్లుపేట రైతులు పొలం హద్దులకు ఈ గడ్డి పెంచుకుంటున్నారు. గెట్టు పంచాయితీలతో ఠాణాల చుట్టూ తిరిగే మన ఊళ్లకు ఇది కూడా ఆలోచించదగ్గదే.

ఖర్చు లెక్క చూద్దాం. చతురంగా ఉన్న ఎకరానికి ఒక పక్క దాదాపు 210 అడుగులు. అరడుగుకొక పిలక చొప్పున ఒక వరుసకు 420 పిలకలు చాలు. బోరు దగ్గర పాతిక దుబ్బులు పెంచుకుంటే, నీళ్లందితే, ఏడాది తిరిగేసరికి ఆ పిలకలు మన దగ్గరే తయారవుతాయి. తొలకరి పదును మీద నాటాలి, చచ్చిన చోట మళ్లీ పెట్టాలి, మొదటి ఏడు పశువులు మేయకుండా కాపాడాలి. తర్వాత ఏడాదికి రెండు మూడుసార్లు కోసి ఆకును చెట్ల మొదళ్లలో పరుచుకోవచ్చు, కొట్టం కప్పుకోవచ్చు. చెట్ల నీడలో మాత్రం ఇది బాగా పెరగదు.

ఒక హెచ్చరిక. వట్టివేరు నూనెకు లక్షలొస్తాయని, పిలకలు మా దగ్గరే కొనండని, పంట మేమే కొంటామని చెప్పేవాళ్లు వస్తారు. వంద కిలోల ఎండు వేళ్లు వండితే కిలో అటుఇటు నూనె. వేరు తవ్వడానికి ఏడాదిన్నర ఆగాలి, కూలీలు దండిగా కావాలి, నూనె తీసే బట్టీ దగ్గర్లో ఉండాలి. రాతపూర్వక ఒప్పందం లేకుండా ఎవరూ దిగొద్దు. గెట్టు మీది గడ్డిని వేరు కోసం అసలే తవ్వొద్దు. తవ్వితే గెట్టే పోతుంది.

మా డిమాండ్లు ఇవి. ప్రతి గ్రామ పంచాయతీ నర్సరీలో పూల మొక్కలతో పాటు వట్టివేరు మడి ఒకటి ఉండాలి. పిలకలు ఉచితంగా ఇవ్వాలి. గెట్ల మీద నాటే పనిని ఉపాధి పనుల్లో చేర్చి కూలి కట్టివ్వాలి. హైదరాబాద్ బోడుప్పల్‌లో కేంద్ర ప్రభుత్వ సుగంధ మొక్కల పరిశోధన సంస్థ సీమ్యాప్ కేంద్రం ఉంది. అక్కడి నుంచి మంచి రకాలు తెప్పించే బాధ్యత వ్యవసాయ శాఖ తీసుకోవాలి. కౌలు రైతు నాటితే ఆ కూలి కౌలు రైతుకే అందాలి. మట్టి పట్టాదారుదే కావచ్చు, చెమట మాత్రం అతనిది.

సంఘం గ్రామ కమిటీలు ఈ తీర్మానాన్ని గ్రామసభల్లో పెట్టాలి. తొలకరి లోపే కదులుదాం. పోయిన పంట మరుసటేడు వస్తుంది, పోయిన మట్టి మన పిల్లల కాలానికి కూడా తిరిగి రాదు.