నాలుగో ఏడాది లెక్క

చరోదాలో చదువు లెక్క సూటిగా ఉంటుంది. ఒక పక్క భిలాయి ఉక్కు కర్మాగారం, మరో పక్క రైల్వే మార్షలింగ్ యార్డు. ఐటీఐ అయినా, డిప్లొమా అయినా, ఇంజనీరింగ్ అయినా చివరికి ఈ రెండింటిలో ఏదో ఒక గేటు దాకా తీసుకెళ్తే చాలన్నది తల్లిదండ్రుల ఆశ. 1959లో తొలి కొలిమి రాజుకున్న నాటి నుంచి పొట్ట చేతపట్టుకుని ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలదీ ఇదే లెక్క. అలాంటి ఇంట్లో పిల్ల కళా చరిత్ర చదువుతాననడమే వింత. పైగా మూడేళ్లు చాలవు, ఆనర్స్ కోసం నాలుగో ఏడాదీ కావాలంటే వినిపించేది ఒకే ప్రశ్న: దాంతో ఏమొస్తుంది?

ప్రశ్నలో తప్పులేదు. ఏడాది ఫీజు, హాస్టల్ ఖర్చు పెరుగుతాయి. చేతికి రావాల్సిన జీతం ఏడాది వెనక్కి పోతుంది. మ్యూజియంలు, పురావస్తు శాఖలు, కళాశాలలు, గ్యాలరీలు తప్ప ఈ చదువుకు పెద్దగా చోటు లేదు. వాటిలోనూ చాలా ఉద్యోగాలకు పీజీ తప్పనిసరి.

మరి ఆ ఏడాదిలో ఏముంది? యూజీసీ 2022లో ప్రకటించిన విధానం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్నవారు పరిశోధనతో కూడిన ఆనర్స్ ఎంచుకోవచ్చు. అందులో 12 క్రెడిట్లు పరిశోధనకే. అంటే మూడేళ్లూ ఇతరులు చూసి రాసింది చదివిన విద్యార్థి, నాలుగో ఏడాది ఒక వస్తువును తానే చూసి రాయాలి. ఆ ఏడాది విలువంతా అక్కడే ఉంది.

అలా చూసి రాసేవారు లేకపోతే ఏమవుతుందో అమరావతి చెబుతుంది. కల్నల్ కోలిన్ మెకంజీ 1797లో అక్కడికి వెళ్లేసరికే స్తూపాన్ని తవ్వేసి రాళ్లు పట్టుకుపోతున్నారు. 1816లో ఆయన మళ్లీ వెళ్లి తన బృందంతో శిల్పాల బొమ్మలు గీయించారు. శిల్పాల్లో కొన్ని సున్నపు బట్టీల పాలయ్యాయి. మిగిలినవి చెన్నైకి, లండన్‌కు చేరాయి. కనబడకుండా పోయిన కొన్ని పలకలు ఎలా ఉండేవో ఇవాళ తెలిసేది ఆ బొమ్మల వల్లే. శిల్పం పోయింది, చూసిన కన్ను మిగిలింది.

కళా చరిత్ర రాజుల వ్యవహారమనుకునే వారికి కూడా అమరావతిలోనే జవాబుంది. అక్కడ పూర్ణ కలశం చెక్కిన ఒక పలకను విధికుడనే చర్మకారుడు కానుకగా ఇచ్చినట్లు శాసనం ఉంది. సిద్ధాంతమనే గంభీరమైన పేరుతో తరగతిలో అడిగేవి నిజానికి ఇలాంటి మామూలు ప్రశ్నలే. ఎవరు చెక్కారు, ఎవరు డబ్బిచ్చారు, ఎవరి పేరు మిగిలింది, ఎవరిది మిగల్లేదు? కార్మికుల పిల్లలకు ఈ ప్రశ్నలు పరాయివి కావు.

వాటిని అడగడానికి చరోదా నుంచి దూరం వెళ్లక్కర్లేదు. ఖైరాగఢ్ రాజదంపతులు చిన్నతనంలోనే పోయిన కూతురు ఇందిర జ్ఞాపకార్థం తమ భవనాన్ని ఇవ్వగా, 1956లో అక్కడ సంగీతానికి, కళలకు ప్రత్యేకంగా విశ్వవిద్యాలయం ఏర్పడింది. అదీ ఇక్కడికి దగ్గరే. రాయపూర్ దాటితే సిర్పూర్. రాతిలా చెక్కిన ఇటుకలతో లేచిన అక్కడి లక్ష్మణ దేవాలయాన్ని భర్త హర్షగుప్తుడి స్మృతికి రాణి వాసట కట్టించింది. కూతురి కోసం కట్టిన విద్యాలయం, భర్త కోసం కట్టిన గుడి. రెంటి మధ్యా పదమూడు శతాబ్దాలకు పైగా ఎడం.

అయితే సిర్పూర్ మీద ఇప్పటికే చాలామంది రాశారు. అసలు అవకాశం ఇంకా దగ్గర్లో ఉంది. దుర్గ్ జిల్లాలోని థనౌద్ గ్రామం వినాయకుడి, దుర్గమ్మ విగ్రహాలకు పేరుమోసింది. నెలల తరబడి గడ్డి కట్టి, మట్టి అద్ది, రంగులు వేసిన విగ్రహం పండగ ముగియగానే నీళ్లలో కలిసిపోతుంది. ఏ ఏడాది ఏ రూపం అడిగారు, ముఖం తీర్చే పద్ధతి ఎవరి దగ్గర నేర్చారు, కొనుగోలుదారుల అభిరుచి ఎలా మారింది? తయారీదారుల పక్కన కూర్చుని అడిగితేనే ఇవన్నీ తెలుస్తాయి. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ మాట్లాడే చరోదా పిల్లలకు ఆ పని ఏ మహానగరపు విద్యార్థికన్నా సులువు.

కాబట్టి ఇంట్లోవాళ్లు ‘ఏమొస్తుంది’ అనే కాదు, ‘దేని మీద రాస్తావు’ అని కూడా అడగాలి. పుస్తకాల్లోంచి పుస్తకం తయారుచేసేటట్లయితే మూడేళ్లకే ఆగడం మేలు, ఆ ఏడాది డబ్బయినా మిగులుతుంది. పిల్ల ఫలానా వస్తువు, ఫలానా ఊరు, ఫలానా ప్రశ్న అని చెప్పగలిగితే మాత్రం ఆ ఏడాది ఇవ్వొచ్చు. విగ్రహాలు ఈసారీ నీళ్లలో కలిసేవే. అంతకుముందు వాటిని ఒకరు చూసి రాసినట్లవుతుంది.