దంతవైద్యానికి మనం చేసిన అపచారం

నీట్ ఫలితాలు వెలువడిన రోజున మన ఇళ్ళలో జరిగే చర్చ ఎరుగనివారెవరు? ర్యాంకు ఎంబీబీఎస్‌కు అందదు. లాంగ్ టర్మ్ కోచింగ్‌కు పంపాలా, దంతవైద్యపు బీడీఎస్‌లో చేర్చాలా? "ఏదైతేనేం, పేరు ముందు డాక్టర్ అని పడుతుంది కదా!" అన్న ఓదార్పుతో చర్చ ముగుస్తుంది. ఆ బిడ్డకు శరీరశాస్త్రం మీద జిజ్ఞాస ఉందా, పరుల బాధకు కరిగే హృదయం ఉందా అని ఒక్కరమూ అడగం. ఓటమికి పరిహారంగా చేతికిచ్చిన విద్యను ఏ విద్యార్థి ఆరాధిస్తాడు?

పర్యవసానం హైటెక్ సిటీలో కళ్ళారా చూడవచ్చు. సాయంత్రపు షిఫ్టుకు మెట్రో దిగి వడివడిగా నడిచే జనంలో దంతవైద్య పట్టభద్రులూ ఉన్నారు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదేళ్ళు దవడ నాడులనూ పంటి వేళ్ళనూ అభ్యసించినవారు, అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ నేర్చి, అమెరికా రోగుల చికిత్సాపత్రాలకు బీమా కోడ్‌లు వేస్తున్నారు. పొట్టకూటి పని ఏదీ నీచం కాదు. కానీ నేర్చిన విద్యతో ఇల్లు గడవదన్న భయాన్ని వారిలో నాటిందెవరు?

ఆ చుట్టుపక్కలే మాదాపూర్, కొండాపూర్ వీధుల్లో చిరునవ్వును తీర్చిదిద్దుతామనే బోర్డులు ధగధగలాడుతున్నాయి; పలువరుస సరిచేయడానికి ఈఎంఐలూ ఉన్నాయి. అక్కడికి కొన్ని గంటల ప్రయాణంలో, నల్గొండ జిల్లా మర్రిగూడ ప్రాంతంలో, ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగినవారి పళ్ళ మీద గోధుమరంగు మచ్చలున్నాయి. మిషన్ భగీరథ పథకంతో మంచినీళ్ళు వచ్చినా, బాల్యంలో పంటికి పట్టిన ఆ మచ్చ దానంతటది పోదు. ఆ మనుషుల నవ్వుకు విలువ లేదా? వారి కోసం చదివామన్న తలంపు మన పిల్లల్లో ఎందరికి కలిగించాం?

1920లో కలకత్తాలో దేశపు తొలి దంతవైద్య కళాశాలను స్థాపించిన డాక్టర్ ఆర్. అహ్మద్‌ను స్మరించుకుందాం. అమెరికాలో చదివి వచ్చిన ఆయన, తాను నడిపిన సోడా ఫౌంటెన్ ఆదాయాన్ని ఆ కళాశాలకు ధారపోశారు. దేశవ్యాప్తంగా దంతవైద్యుల చట్టం వచ్చింది 1948లో. చట్టపు అండా, సంఘపు మన్ననా లేని కాలంలో ఆయనను నడిపించింది ఏ ర్యాంకు?

దోషమెవరిది? మార్కులతో బిడ్డను తూచిన తల్లిదండ్రులది. ర్యాంకుల ఫొటోలతో ఊరి గోడలు నింపిన కాలేజీలది. అక్కరలేని చికిత్సను అంటగట్టే వైద్యునిది. పన్ను సలిపితే మందుల షాపు మాత్రతో నెట్టుకొచ్చి, చివరికి ఫీజు దగ్గర బేరమాడే రోగిది. ఊరి ఆరోగ్యకేంద్రంలో పళ్ళ డాక్టరు ఎందుకు లేడని నిలదీయని పౌరునిది. ఇంకా చెప్పాలా? మనందరిదీ. వృత్తిలో ధర్మాన్ని వదిలి హోదాను పూజించే సమాజానికి వ్యాపారులు దొరుకుతారు, విరాగులు దొరుకుతారు, సేవకులు దొరకరు.

అయినా నిరాశకు తావివ్వం. గుట్కా నమిలే కూలీ నోట్లో తెల్లమచ్చను సకాలంలో గుర్తించి, క్యాన్సర్ ముదరకముందే హెచ్చరించగల శక్తి ఈ విద్యకుంది. ఒక సంసారాన్ని నిలబెట్టే ఆ చూపు ఏ వైద్యానికి తీసిపోతుంది? విద్యార్థులారా, ఇష్టపడి ఎంచుకోండి. ఎంచుకున్నదాన్ని మీరే కించపరచుకోకండి. పెద్దలమైన మనం వారి చదువును జాలితో కాక గౌరవంతో పలకరిద్దాం. ఆ గౌరవం మన ఔదార్యం కాదు, ఇంతకాలం ఎగవేసిన బాకీ. తీర్చితీరుదాం.