ముడత పడిందా... మళ్లీ కుండలోకే!

1776 జులై 9న న్యూయార్క్‌లో జనం బ్రిటిష్ రాజు మూడో జార్జి విగ్రహానికి తాళ్లు కట్టి కిందకు లాగేశారు. పైన బంగారు పూత, లోపలంతా సీసం. ముక్కల్లో చాలా భాగం కనెక్టికట్‌లోని లిచ్‌ఫీల్డ్‌కు చేరింది. అక్కడ ఆలివర్ వోల్కాట్ ఇంట్లో ఆడవాళ్లూ పిల్లలూ కలిసి వాటిని కరిగించి 42,088 తూటాలు పోశారు. రాజుగారు అలా తన సైనికుల మీదికే తిరిగెళ్లారన్నమాట!

ఇంట్లో తూటాలు పోసుకునే అలవాటు అమెరికాలో ఇప్పటికీ ఉంది. కరెంటు కుండలో సీసం కరిగించి, రెండు చెక్కల అచ్చులో పోసి, రైఫిల్ తూటాలు చేసుకుంటారు సరదా ఉన్నవాళ్లు. (మన దగ్గర 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఈ పని చేస్తే నేరం. చదువుకోవడం వరకే సుమా!)

సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. పని అక్కడితో అయిపోతే అందరూ నిపుణులే అయ్యేవారు. మొదట పోసిన నాలుగైదు తూటాలు దాదాపు ఎప్పుడూ ముడతలు పడే వస్తాయి. పెనం కాలకముందే పోసిన అట్టు సరిగా రానట్టే, అచ్చు వేడెక్కకపోతే సీసం మూలమూలలకూ పారకముందే గడ్డకడుతుంది. అచ్చు బాగా కాలాక కూడా ముడతలు పోలేదంటే లోపల నూనె మరక మిగిలిందని అర్థం. అచ్చు మరీ కాలితే తూటా మంచు పట్టినట్టు తెల్లగా వస్తుంది. చూపుకే తేడా తప్ప దాంతో పెద్ద నష్టమేమీ లేదు. అంచులు మొద్దుబారి, గాడులు సరిగా నిండకపోతే కాస్త తగరం కలుపుతారు. నూటికి రెండు పాళ్లు చాలు, లోహం చక్కగా పారుతుంది.

చాలామంది పాత కారు చక్రాలకు బిగించే బరువుల్ని కొని కరిగిస్తారు. చవక బేరమే, కానీ వాటిలో జింకువి కూడా కలిసి ఉంటాయి. జింకు 419 డిగ్రీలకు గానీ కరగదు. వేడి అంతకు తక్కువగా ఉంచితే ఆ బరువులు పైకి తేలతాయి, గరిటెతో తీసెయ్యొచ్చు. ఏమరుపాటున మంట పెంచారో, కుండంతా ఉప్మాలా ముద్దకడుతుంది. ఆ సీసం ఇక తూటాలకు పనికిరాదు.

కంటికి కనిపించే లోపం నయం. అసలు చిక్కు కనిపించని దానితోనే. సీసం గడ్డకట్టేటప్పుడు కుంచించుకుపోతుంది. అచ్చు మూతి మీద కాస్త ఎక్కువ సీసం నిలవ ఉంచకపోతే, ఆ లోటు పూడక తూటా లోపల బోలు మిగులుతుంది. పైకి నున్నగా, మెరుస్తూనే ఉంటుంది. రైఫిల్ గొట్టంలో గిరగిరా తిరుగుతూ బయటికొచ్చాక బరువు ఒక పక్కకు ఒరిగి గురి తప్పుతుంది. అందుకే శ్రద్ధ ఉన్నవాళ్లు ప్రతి తూటానూ కాటా వేస్తారు. తేలిగ్గా తూగినవి మళ్లీ కుండలోకే.

నీటి విషయంలో మాత్రం సర్దుబాటు ఉండదు. తడి ముక్క ఒక్కటి కరిగిన సీసంలో మునిగినా నీరు ఒక్కసారిగా ఆవిరై, లోహం మొహాన చిమ్ముతుంది. అద్దాలూ చేతి తొడుగులూ వేసుకునేది అందుకే.

లిచ్‌ఫీల్డ్ పిల్లల రోజుల్లో ఎవరూ ఆలోచించని సంగతి ఇంకొకటుంది. పిల్లల రక్తంలో సీసం ఎంత తక్కువున్నా ఫరవాలేదని చెప్పగల హద్దేదీ లేదని నేటి వైద్యుల మాట. ఎదిగే మెదడును అది దెబ్బతీస్తుంది. పైన తేలే బూడిదలాంటి తెట్టును తీసి పారేసేటప్పుడు లేచే పొడి చేతులకూ చొక్కాకూ అంటుకుని ఇంట్లోకొస్తుంది. ఆ చేతుల్తోనే బిడ్డను ఎత్తుకుంటే? అందుకే తెలిసినవాళ్లు ఈ పని ఆరుబయటే పెట్టుకుంటారు, దగ్గర తినుబండారాలుండనివ్వరు. ఒకసారి సీసం తాకిన గరిటె ఇక వంటింటి గడప తొక్కదు, ఆ బట్టల్ని పిల్లల బట్టలతో కలిపి ఉతకరు.