నవగ్రహ యంత్రాలు తొమ్మిదా, ఒకటా?

నవగ్రహ యంత్రాల పేరిట రాగిరేకులపై చెక్కిన అంకభద్రాలను శ్రద్ధాళువులు భయభక్తులతో గృహాలకు తెచ్చుకొంటున్నారు. ఒక్కొక్క యంత్రంలోని అంకెలలో ఒక్కొక్క విలక్షణశక్తి నిక్షిప్తమై ఉన్నదని, గ్రహపీడ ఎన్ని విధాలో యంత్రాలూ అన్ని కొనవలెనని విక్రేతలు ప్రచారం చేస్తున్నారు. ఇది శాస్త్రసమ్మతమేనా అన్నది విచారణీయం.

బహుళప్రచారంలోని సూర్యయంత్రం తొమ్మిది గడుల చతురస్రం. పై వరుసలో 6, 1, 8. నడిమి వరుసలో 7, 5, 3. క్రింది వరుసలో 2, 9, 4. అడ్డంగా, నిలువుగా, మూల నుండి మూలకు ఎటు కూడినా 15. ప్రతి గడికి ఒకటి చేర్చగా చంద్రయంత్రం, మొత్తం 18. మరల ఒకటి చేర్చగా కుజయంత్రం, 21. ఇదే క్రమంలో బుధునికి 24, గురువుకు 27, శుక్రునికి 30, శనికి 33, రాహువుకు 36, కేతువుకు 39. కనుక అమ్ముడవుతున్నవి తొమ్మిది యంత్రాలు కావు. ఒకే విన్యాసానికి తొమ్మిది ఉపాధులు.

ఈ శ్రేఢి మూడేసి చొప్పున పెరగడంలో రహస్యం లేదు, ఉపపత్తి ఉన్నది. కేంద్రం మీదుగా పోయే వరుసలు నాలుగు. వాటిని కూడినప్పుడు తక్కిన గడులు ఒక్కొక్కసారి, కేంద్రం నాలుగుసార్లు లెక్కకు వస్తాయి. గడులన్నింటి మొత్తమో మూడు వరుసలకు సమానం. అందుచేత నాలుగవ వరుస విలువ కేంద్రానికి మూడింతలు కాక తప్పదు. కేంద్రం 5 అయితే 15, 11 అయితే 33. ఇక నాలుగు గడుల చతురస్రంలో నాలుగు భిన్నసంఖ్యలతో భద్రం అసంభవం. ఒక గడిలోని సంఖ్యకు ప్రక్కది చేర్చినా, క్రిందిది చేర్చినా ఒకే మొత్తం రావలెనంటే ఆ రెండూ సమానం కావలసిందే. ఏ మంత్రమూ ఈ నియమాన్ని అతిక్రమింపజాలదు.

పరంపరను ఉద్ఘోషించే విక్రేతలు ఆ పరంపరలోని గ్రంథాన్ని చూచినారా? 1356లో నారాయణ పండితుడు రచించిన గణితకౌముదిలో చివరి అధ్యాయం భద్రగణితమే. శ్రేఢీసంబంధమైన ఈ గణితాన్ని కుతూహలంతో ఉన్న మణిభద్రునికి ఈశ్వరుడు ఉపదేశించినాడని ఆయన ప్రస్తావించినాడు. ఉపదేశానికి అర్హత కుతూహలమే గాని భయం కాదు. సద్గణకులకు చమత్కృతి, యంత్రవేత్తలకు ప్రీతి, కుగణకులకు గర్వభంగం అన్నవే అక్కడ చెప్పిన ప్రయోజనాలు; ధనప్రాప్తి వాటిలో లేదు. 1 నుండి 16 వరకు గల సంఖ్యలతో, విరిగిన కర్ణాలు సైతం సమానమయ్యే పదహారు గడుల భద్రాలు 384 అని ఆయన నిర్ణయించినాడు. 1938లో రోసర్, వాకర్ అనే గణితజ్ఞులు ఆ సంఖ్యనే నిరూపించినారు. గర్వింపదగినది ఇదే, రాగిరేకు వెల కాదు.

శ్రద్ధ ఉన్నచోట తర్కం అనుచితమని పూర్వపక్షం. అది నిలువదు. అగ్ని చల్లనిదని నూరు శ్రుతులు పలికినా ప్రత్యక్షవిరుద్ధమైన ఆ వాక్యం ప్రమాణం కాదని గీతాభాష్యంలో శంకర భగవత్పాదులే నిర్ణయించినారు. శ్రుతికే ఆ మర్యాద ఉండగా విక్రేత వాక్యానికి అధికప్రామాణ్యం ఎక్కడిది? ధ్యానానికి ఆలంబనంగా యంత్రాన్ని ఆరాధించేవారికి ఈ విచారణ బాధకం కాదు. ఖండింపబడుతున్నది ఉపాసన కాదు. వ్యాధిగ్రస్తుని, ఋణగ్రస్తుని భీతిని మూలధనంగా చేసుకొన్న వ్యాపారం.

శనిభయంతో యంత్రం కొనదలచినవారు ముందుగా ఒక కాగితంపై సూర్యయంత్రాన్ని లిఖించి, ప్రతి గడికి 6 కలిపి చూతురు గాక. శనియంత్రం ఇంటిలోనే సిద్ధిస్తుంది. దానితోపాటు భయమూ కొంత తొలగుతుంది.