బొంత కోసం ఒక అర

పాత చీరలకి స్టీలు సామాన్లిచ్చేవాళ్లు మా నాగోల్ వీధిలోకి ఇప్పటికీ వస్తుంటారు. ఆ కేకకి మా ఇంట్లో ఎవరూ తలుపు తీయరు. నానమ్మ నేత చీరలు, నాన్న లుంగీలు, నా కాటన్ చొక్కాలు, టైలర్ దగ్గర మిగిలిన ముక్కలు... అన్నీ అమ్మ బొంతలకే. బెంగాల్‌లో కాంథా, కర్ణాటక సిద్దీలకి కవంది ఎలాగో, మనకి బొంత అలాగ. మెత్తబడిన పాతబట్టని పొరలుగా పరిచి కుట్టుకుంటూ పోవడమే.

కుట్టడం అమ్మకి వచ్చు. చిక్కంతా దాచడంలోనే. ఊళ్లో ట్రంకు పెట్టె, అటక ఉండేవి. ఈ టూ బీహెచ్‌కేలో ఉన్నది బీరువాలో ఒక్క అర. వారమంతా నాగోల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో ఈ కొస నుంచి ఆ కొసకి తిరిగే నాకు, ఆదివారం ఆ అర సర్దే డ్యూటీ పడింది. పైగా అక్కకి నెలలు నిండుతున్నాయి. బిడ్డ కిందకి నానమ్మ చీరల బొంతే కావాలంది. నానమ్మ లేదు కాబట్టి, ఇంకో చీర రాదు. ఉన్నవాటినే కాపాడాలి.

మొదటి శత్రువు గంజి. సిల్వర్‌ఫిష్ పురుగులకి అది విందు భోజనం. అందుకే గంజి పూర్తిగా పోయేలా ఉతికి, ఎండలో బాగా ఆరేసి, వేడి తగ్గాక మడతపెట్టాలి.

రెండోది తేమ. గాలాడని ప్లాస్టిక్ కవర్‌లో కాస్త తడి మిగిలినా బూజు ఖాయం. పాత దిండు గలీబులు చాలు, గాలి ఆడుతుంది. బాత్రూమ్ గోడకి ఆనుకున్న అర అసలొద్దు. న్యూస్‌పేపర్ కూడా పరవకండి, ఇంకు అంటుతుంది.

మూడోది మడత. ముక్కలన్నీ ఒకే సైజులో మడిచి పుస్తకాల్లా నిలబెడితే, ఒకటి లాగినా మిగతావి కూలవు. ఏముందో కంటికి కనిపిస్తుంది. రెండు మూడు నెలలకోసారి మడత మార్చాలి, లేదంటే ఆ గీత దగ్గరే బట్ట చిరుగుతుంది. జరీ, పట్టు వేరే పెట్టండి.

ఇక అసలు విషయం, కలరా ఉండలు. పసిపిల్లల కోసం దాచే బట్టల్లో ఇవి వేయొద్దు. వీటిలో ఉండే నాఫ్తలీన్, జీసిక్స్‌పీడీ ఎంజైమ్ లోపమున్న పిల్లల్లో ఎర్ర రక్తకణాల్ని పగలగొడుతుంది. రక్తం తగ్గిపోతుంది, కామెర్లు ముదురుతాయి. ఆ లోపం ఉందో లేదో టెస్ట్ చేస్తే తప్ప తెలియదు. మా అరలో పూర్తిగా ఎండిన వేపాకు, పల్చటి గుడ్డలో మూటకట్టి పెట్టాం. అది మాత్రమే సరిపోదు, అప్పుడప్పుడూ బట్టలు తీసి దులపాల్సిందే.

అన్నీ దాచక్కర్లేదు కూడా. రెండు చేతులతో మెల్లగా లాగితే పర్రుమనే బట్ట, కుట్టినా నిలవదు. దాన్ని తుడిచే గుడ్డ చేసేయండి.

చివరిగా ఒక పని. ప్రతి మూటలో చిన్న చీటీ పెట్టండి: ఎవరి చీర, ఎప్పటిది అని. మా ఇంట్లో అది చెప్పగలిగేది అమ్మ ఒక్కతే. మీ ఇంట్లో ఎవరో కనుక్కుని, ఈ ఆదివారమే పక్కన కూర్చోబెట్టుకుని రాసేయండి.