పక్క సీటులో ఎవరు?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి శంషాబాద్ వెళ్లి విమానమెక్కడం ఇప్పుడు వింతేం కాదు. బస్సులో అయితే "కాస్త జరగండమ్మా" అని పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుంటాం. విమానంలో సీటు నంబరుదే పెత్తనం!

కరోనా వేళ ఇది పెద్ద చిక్కే అయింది. 2020 మే 25న దేశీయ విమానాలు మళ్లీ మొదలయ్యాయి. ఎక్కాల్సిన వాళ్లకి పక్కన ఎవరుంటారోనన్న భయం. జూన్ 1న డీజీసీఏ ఓ ఆదేశమిచ్చింది. ప్రయాణికుల రద్దీని బట్టి, వీలైతే మధ్య సీటు ఖాళీగా ఉంచాలి. ఒకే కుటుంబమైతే కలిసి కూర్చోవచ్చు. సబబైన మాటే. ఒకే ఇంట్లో ఉండేవాళ్లని విడదీసి, ముక్కూమొహం తెలియనివాళ్ల పక్కన కూర్చోబెడితే ఏం లాభం?

కానీ అది 'కూర్చోవచ్చు' మాత్రమే, 'కూర్చోబెట్టాలి' కాదు. ఆ రెండో మాట 2024 ఏప్రిల్‌లో గానీ రాలేదు. 12 ఏళ్లలోపు పిల్లలకు, అదే పీఎన్ఆర్ మీద ప్రయాణిస్తున్న అమ్మానాన్నల్లో లేదా సంరక్షకుల్లో కనీసం ఒకరి పక్కన సీటివ్వాలని డీజీసీఏ చెప్పింది.

ఆ 'ఒకరు' ఎవరో వేరే చెప్పాలా? అమ్మే! పెద్ద వయసు అత్తగారి సంగతి మాత్రం ఈ ఆదేశంలో లేదు.

అందుకే టికెట్లన్నీ ఒకే పీఎన్ఆర్ మీద తీసుకోండి. సీట్లు విడిగా వస్తే కౌంటర్ దగ్గరే అడగండి. పసివాళ్ల విషయంలో అది బతిమాలుకోవడం కాదు, నిబంధన గుర్తుచేయడం.